మొన లేని కత్తి

మా పెదనాన్న పోయారు. నందిగామలో ప్రెస్సులో నిలబడి, మా పార్టీ కరపత్రంలో అచ్చుతప్పుల గురించి గొడవపడుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, పెదనాన్న పొద్దున లేవలేదు" అంది. "లేపండి మరి" అన్నాను. అటు నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది.

పెదనాన్నది చిల్లకల్లులో హైవే పక్కన కమ్మరి కొలిమి. కొడవళ్లు, గొడ్డళ్లు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వేటకత్తులకు మాత్రం అటు ముక్త్యాల నుంచీ ఇటు పరిటాల నుంచీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. లారీల విరిగిన కమాను పట్టీలు కాల్చి, సాగదీసి, ఎప్పుడూ జతగానే చేసేవారు. ఒకటి పోటుకత్తి. సన్నగా, తిన్నగా, సూదిలాంటి మొనతో ఉంటుంది. వలలో పడ్డ అడవిపందిని ఒక్క పోటుతో ముగించడానికి. రెండోది కోతకత్తి. పొట్టిగా, పదును వైపు బొజ్జలా వంపు తిరిగి, చివర మొన లేకుండా బొటనవేలి గోరులా గుండ్రంగా ఉంటుంది. పంది పొట్ట చీల్చేటప్పుడు మొన తగిలితే పేగు తెగుతుంది. పేగు తెగితే ఊరందరి వాటా పాడవుతుంది. "పొడిచేదానికి మొన, కోసేదానికి బొజ్జ" అనేవారు. ఒక కత్తికి రెండు పనులు చెప్పకూడదన్నది ఆయన పట్టు.

పదును చూడటానికి నేను తెచ్చిన కరపత్రాన్నే గాలిలో పట్టుకుని కత్తి ఆనించేవారు. అది రెండు ముక్కలయ్యేది.

"నీ విప్లవం దేనికో ఒకదానికి పనికొచ్చిందిరా."

"శ్రమ విలువ గురించి రాసిన పేజీ అది పెదనాన్నా."

"విలువ ఎక్కడికి పోయిందిరా, ఒకటి రెండయింది" అని నవ్వేవారు. నాకు మండేది.

అడవిపందిని కొట్టడం చట్టం ఒప్పదని నాకూ తెలుసు. పందులు పడి పంట పోయినప్పుడు ఆ చట్టం చేసినవాళ్లెవరూ వచ్చి చేలో నిలబడలేదు. ఆ సంగతి ఇక్కడ పెంచను.

ఆయన చేసిన ప్రతి వేటకత్తినీ మొదట పట్టి చూసేది ముక్త్యాల మామ. చుట్టం కాదు. చిన్నప్పటి నుంచీ పెదనాన్నా ఆయనా బావా అంటే బావా అనుకునేవాళ్లు కాబట్టి నాకు మామ. తొంభైల చివర్లో ఒక చలికాలం ఆయన వచ్చి, రెండు పనులకూ ఒకే కత్తి కావాలన్నాడు.

"రెండు ఒరలు తొడకి కొట్టుకుంటుంటే కుక్కల వెనక ఉరకలేకపోతున్నా బావా. బొజ్జ పెట్టు, మొన కూడా ఉంచు."

"ఉరకలేకపోతే వయసైందని చెప్పు. కత్తి మీద పెట్టకు."

"వయసు నీకూ అయిందిలే. చెయ్యనంటే చెప్పు, జగ్గయ్యపేటలో కొనుక్కుంటా."

ఆ మాట తగిలింది. "నీకోసం కాబట్టి" అంటూ పెదనాన్న చేసిచ్చారు.

ఆ క్రిస్మస్ ముందురోజు మామ వాళ్లకి పెద్ద పంది పడింది. వీధి మొత్తానికీ పండగ కూర. అందరూ చూస్తుండగా మామ చెయ్యి జారి మొన పేగులో దిగింది. కడిగినా వాసన పోలేదు. పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారట. సిగ్గుతో మామ నోటికి వచ్చింది అనేశాడు: "కత్తి చేసినోడికి బుద్ధి లేదు."

ఆ మాట ఆ సాయంత్రమే ఒక లారీ క్లీనరు మోసుకొచ్చాడు. పెదనాన్న "అన్నాడా" అని ఊరుకున్నారు. పెద్దమ్మ ఊరుకోలేదు. "నువ్వు వద్దన్నావుగా, పోయి నలుగురిలో చెప్పు" అంది.

"నేను చెబితే కత్తిని వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది. వాడు చెబితే మమ్మల్నిద్దర్నీ నిలబెట్టినట్టు."

తర్వాత ఆయన వేటకత్తి చేయలేదు. అడిగినవాళ్లతో చేతకాదనేవారు. ముక్త్యాల వైపు నుంచి ఎవరైనా వచ్చి ఆగితే చాలు, సుత్తి గాలిలో ఆగేది. "నేనే అడిగి చేయించుకున్నా" అన్న ఒక్క మాట కోసం ఏళ్లకేళ్లు అలా చూశారు. నేను వెళ్లి మామని కడిగేస్తానంటే ఒప్పుకోలేదు. "అడిగి తెచ్చిన మాట నాకెందుకురా" అన్నారు. ఆగిపోయాను. నేను కోపం అణుచుకున్న సందర్భాలు తక్కువ. అందులో ఒకటి ఇదే కావాలా అని ఇప్పుడు బాధ.

దహనం చేసి ఇంటికొచ్చేసరికి మామ మనవడు బండి మీద వచ్చి ఉన్నాడు. తాత కబురు విని కూలబడిపోయాడనీ, రేపు తీసుకొస్తాననీ చెప్పాడు. "మా తాత కత్తి మాటొస్తే చాలు, అదే చెబుతాడండి. మా బావ వద్దన్నాడు, నేనే మొండికేసి చేయించుకున్నా అని. మా ఊళ్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర టీకొట్లో ఎవర్నడిగినా చెబుతారండి."

"ఇక్కడికొచ్చి చెప్పలేదే" అన్నాను. గొంతు లేచింది.

"మొహం చెల్లలేదండి. బావకి ఈపాటికి తెలిసే ఉంటదిలే అనేవాడు."

తెలియలేదు. చెడ్డమాటకు దొరికిన లారీ మంచిమాటకు దొరకలేదు.

మర్నాడు మామ వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా కొలిమి దగ్గరికి పోయి, గొంతుక్కూర్చుని, గాలిచక్రం పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. కొలిమిలో బొగ్గు లేదు, నిప్పు లేదు. చల్లబడ్డ బూడిద లేచి ఆయన జుట్టు మీద, తెల్లచొక్కా మీద వాలుతోంది. పెద్దమ్మ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వెనక నిలబడింది. ఆయన దులుపుకోలేదు. తిప్పుతూనే ఉన్నాడు.