కుడి భుజం ముందు తాకినవాడు

నేపర్‌విల్‌లో బాబాయ్ వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటూ మొదటి ఉద్యోగం వెలగబెడుతున్న కాలంలో, ఒక మంచి సినిమా చూపిస్తే ఎంతటి మనిషైనా మారిపోతాడని నేను గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడు మా పాపకి క్యారెట్లు తినిపించడానికి కార్టూన్లు పెడుతున్నానంటే ఆ నమ్మకం పూర్తిగా పోలేదన్నమాట.) అప్పుడు నేను మార్చవలసిన మనిషి మా బాబాయే. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లం. మా నాన్న ఏ నిర్ణయమైనా తమ్ముణ్ణి అడగందే తీసుకోడు. డౌన్‌టౌన్ ట్రైన్‌లో పరిచయమై నా మనసులో సీటు వేసుకుని కూర్చున్న అబ్బాయిదేమో ఫిరంగిపురం, ఆర్.సి.ఎమ్., అంటే నిఖార్సయిన కేథలిక్కు. మేము ఆరాధనకి వెళ్తాం, వాళ్ళు పూజకి వెళ్తారు. మాకు పాస్టరుగారు, వాళ్ళకి ఫాదరుగారు. ఆఫీసులో అమెరికన్లకి ఈ చిక్కు వివరిస్తే "ఇద్దరూ క్రిస్టియన్సే కదా" అని నా వైపు వింతగా చూసేవాళ్ళు.

అలాంటి రోజుల్లో పబ్లిక్ లైబ్రరీలో ఐర్లండ్ కామెడీ సినిమాల డీవీడీలు కొన్ని నా కంటపడ్డాయి. అన్నింటిలోనూ ఒకటే గొడవ. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే వీధిలో ఉంటారు, రాళ్ళు రువ్వుకుంటారు, బయట సైనికులు తిరుగుతుంటారు, మధ్యలో ఎవరి పెళ్ళో ఎవరి చావో నవ్వులపాలవుతుంది. ఇవి చూసి నవ్వీ నవ్వీ బాబాయ్ మెత్తబడతాడు, మెత్తబడ్డాక అసలు మాట చెబుతాను. ఇదీ నా పథకం.

శనివారం మధ్యాహ్నం మొదటి సినిమా పెట్టాను. బాబాయ్ పాప్‌కార్న్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పట్టుమని పది నిమిషాలు కాలేదు. "పాజ్ చెయ్ అమ్మా. వీళ్ళలో మనవాళ్ళెవరు?"

"నీలం తలుపు ఇంటివాళ్ళు బాబాయ్."

"మరి ఆ రాయి విసిరిందెవరు?"

"వాళ్ళూ మనవాళ్ళే."

బాబాయ్ కాసేపు దిగులుపడి, "ముందు అవతలోళ్ళు ఏదో అనుంటారు. కొంచెం వెనక్కి పోనీ" అన్నాడు. వెనక్కి పోనిచ్చాను. అవతలివాళ్ళు ఏమీ అనలేదు. అక్కణ్ణుంచి ఆయనకి ఇంకో సందేహం పట్టుకుంది. అందరిదీ ఒకే రంగు, ఒకే యాస, అందరూ అవే టీలు తాగుతున్నారు. మొహం చూసి చెప్పలేనప్పుడు ఎవరితో పోట్లాడాలో వీళ్ళకి ఎలా తెలుస్తుందని. పేరూ, చదివిన స్కూలూ అడిగి కనిపెడతారని చెప్పాను. "మన దగ్గరా అంతేలే. ఎవరి తాలూకు అని అడిగితే అన్నీ బయటపడతాయి" అని తలూపాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆయనే "ఇవాళ మనవాళ్ళ సినిమా ఏం తెచ్చావ్?" అని అడగడం మొదలుపెట్టాడు.

పిన్ని మాత్రం పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ సగం సగం చూసేది. ఒక శనివారం పెట్టిన సినిమాలో ఒక ప్రొటెస్టెంటు దొంగ పారిపోతూ పారిపోతూ కేథలిక్కుల ఇంట్లో శవం దగ్గర ఇరుక్కుపోతాడు. తనూ వాళ్ళ మనిషేనని నమ్మించడానికి, వాళ్ళలాగే నుదురూ గుండే భుజాలూ తాకుతూ శిలువ గుర్తు వేసుకుంటాడు. తెరమీద ఎవరూ ఇంకా ఏమీ అనలేదు. మా పిన్ని మాత్రం పకపకా నవ్వింది. చిక్కుడుకాయలు కార్పెట్ నిండా పడ్డాయి.

"ఏముంది అందులో?" అన్నాడు బాబాయ్.

"కుడి భుజం ముందు తాకాడండీ. ఎడమ కదా ముందు. దొరికిపోతాడు చూడండి."

మరుక్షణం ఓ ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"నీకెలా తెలుసు పిన్నీ?" అన్నాను. పిన్ని బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ రిమోట్ కోసం సోఫా అంతా వెతికి (అది ఆయన చేతిలోనే ఉంది) సినిమా ఆపాడు.

"మీ పిన్ని వాళ్ళది ఆర్.సి.ఎమ్. పెళ్ళికి ముందు మారాలని మా నాన్న పట్టుబట్టాడు. పిల్లలకెవరికీ చెప్పలేదు."

"మారడం మారాను" అంది పిన్ని కాయలు ఏరుకుంటూ. "చెయ్యి మాత్రం ఇంకా నుదుటి మీదికే పోద్ది. అందుకే చర్చిలో ఆమెన్ అన్నప్పుడల్లా పర్సు గట్టిగా పట్టుకుంటా."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"మీరెవరూ అడగలేదు" అంది పిన్ని. కోపంగా కాదు, మామూలుగానే.

ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకుని నేను ట్రైన్ అబ్బాయి సంగతి చెప్పేశాను. బాబాయ్ నన్నూ, టీవీనీ, బల్లమీదున్న డీవీడీలనీ మార్చి మార్చి చూసి, "అందుకా ఇన్ని సినిమాలు? వచ్చే శనివారం రమ్మను" అన్నాడు.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీట్ బాక్సు. ఉన్నవాటిలోకెల్లా బాగా నవ్వించేది పెట్టాను. ఫాదరుగారి అంగీ, పాస్టరుగారి కోటు లాండ్రీలో తారుమారై, ఒకరి గుడిలో ఇంకొకరు ప్రసంగం చెప్పవలసివచ్చే కథ అది. బాబాయ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పిన్నికి పొలమారింది. అతను మాత్రం వీసా ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చివరిదాకా చూసి, "ఫాదర్స్‌ని అలా చూపించకూడదండీ, ఇట్స్ నాట్ రైట్" అన్నాడు.

అతను వెళ్ళాక బాబాయ్ అన్నాడు, "అబ్బాయి మంచోడే. మీ నాన్నతో నేను మాట్లాడతా, ఆర్.సి.ఎమ్. అని నాకేం ఇబ్బంది లేదు. కానీ నువ్వు నవ్వకుండా ఉండలేవు కదమ్మా."

నేను కొన్నాళ్ళు బాబాయ్‌తో మాట్లాడటం మానేశాను. రోజూ ట్రైన్‌లో అతన్ని నవ్వించడానికి నా శాయశక్తులా ప్రయత్నించాను. ఒక సాయంత్రం, అతను పక్కనుండగానే, స్టేషన్ ఇంకా రాదేమని కిటికీలోంచి చూస్తున్నది నేనేనని గమనించాను. ఆ తర్వాత అతను డాలస్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఎవరం ఎవరినీ ఆపలేదు.

ఆ శీతాకాలం పోకముందే ఒక ఆదివారం బాబాయ్ పిన్నిని కేథలిక్ చర్చికి డ్రైవ్ చేసి తీసుకెళ్ళాడు. మొదటిసారి పార్కింగ్ లాట్‌లోనే కూర్చున్నాడు. రెండోసారి చలికి తట్టుకోలేక లోపలికి వెళ్ళాడట. ఇప్పటికీ నెలకో ఆదివారం ఇద్దరూ వెళ్తారు, ఇంటికొచ్చాక బాబాయ్ నాకు ఫోన్ చేస్తాడు. "ఊరికే లేవడం, కూర్చోవడం, మోకరించడం. నా మోకాళ్ళు పోతున్నాయమ్మా. ఎప్పుడు లేవాలో ముందే చెప్పమంటే మీ పిన్ని చెప్పదు, నన్ను చూసి నవ్వుద్ది."

వెనకాల పిన్ని నవ్వు వినిపిస్తుంది. డీవీడీల సంచి భుజాన వేసుకుని, మంచులో జారుతూ, తన పెళ్ళి చక్కబెట్టుకుంటున్నానని అనుకుంటూ నడిచొచ్చిన ఆ పిల్ల నాకు గుర్తొస్తుంది. ఓ పెళ్ళి చక్కబడిన మాట నిజమే, పాపం, తనది కాదు.