ఎడమపక్క సీటు

బస్సులో ఎవరైనా సీటు కోసం తువ్వాలు వేస్తే నాకు ఇప్పటికీ ఆ పెద్దాయనే గుర్తొస్తాడు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాను. కిటికీలోంచి ఆయన వేసిన తువ్వాలు నా ఒళ్లో పడింది. లోపలికొచ్చి దాన్ని తీసుకోబోతే ఆయన చేతికి నా మోకాలు తగిలింది. నవ్వేసి నా కుడిపక్కన కూర్చున్నాడు.

"ఏమనుకోవద్దప్పా. కండ్లలో నీటికాసులు. ఎడమపక్క చూపు పాయె. అట్లని ఆడ చీకటేం కనపడదు. ఖాళీ సీటో, గోడో, ఏదో ఒకటి మెదడే అతికించి పెడ్తాదంట."

"తల తిప్పి చూసుకోవచ్చు కదా," అన్నాను.

"డాక్టరూ అదే అంటాడు. మా ఆడమనిషి ఎప్పుడూ ఆపక్కే కూసుంటాండె. పోయినేడు కాలమైపాయె. తల తిప్పకపోతే ఇంకా ఉన్నట్టే ఉంటాదప్పా."

ఆ తర్వాత ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నాడు. జమ్మలమడుగు దాకా ఆయన ఎడమపక్కన నేను దగ్గు కూడా ఆపుకున్నాను.