ఈనిడ్ కారు ఫెయిలైన ఏడాది

ఈనిడ్ గార్త్‌వెయిట్ మంత్రసాని. యార్క్‌షైర్ గుట్టల నడుమ థార్న్‌బెక్ లోయలో ఇరవై ఏళ్ళ లోపు పిల్లల్లో సగం మంది పుట్టగానే మొదట చూసింది ఆవిడ మొహమే. ఆరడుగుల మనిషి, పెద్ద చేతులు, అంతకంటే పెద్ద గొంతు. అంత మనిషీ తిరిగేది మాత్రం మోకాలెత్తున ఉండే రెండు సీట్ల ఎర్ర కారులో. అందులోంచి ఆవిడ దిగుతుంటే కర్చీఫులోంచి దుప్పటి లాగినట్టుంటుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

ఆ కారు కొన్నది ముప్ఫై ఆరో ఏట. మొగుడు హెరాల్డ్ ఇంకో ఆవిడతో వెళ్ళిపోతూ ఇంట్లో ఉన్న పెద్ద కారు కూడా తీసుకుపోయాడు. మరుసటి వారమే ఈనిడ్ బస్సెక్కి పట్నం వెళ్ళి, ఈ అయిదేళ్ళ పాత షోకు బండిని తోలుకుంటూ తిరిగొచ్చింది. అక్క మ్యూరియెల్ గుమ్మంలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టింది.

"నీకేమైనా మతిపోయిందటే? గుట్టల మీద తిరిగే ఉద్యోగానికి ఈ బొమ్మకారేంటే?"

"వెనక సీటుతో నాకేం పనక్కా ఇప్పుడు? పక్క సీట్లో నొప్పులవాళ్ళకి పీల్పించే గ్యాసు సిలిండరు పడితే చాలు."

చిత్రమేమిటంటే, పంతొమ్మిదేళ్ళలో ఆ బొమ్మకారు ఏ ఒక్క పురుడుకీ ఆవిణ్ణి ఆలస్యం చెయ్యలేదు. గడ్డకట్టే చలిలో పొలాల వాళ్ళ జీపులు మొరాయిస్తుంటే ఇది ఒక్క తాళంతో దగ్గు కూడా లేకుండా లేచేది. ప్రతి మార్చిలోనూ ఎంవోటీకి వెళ్ళేది. ఆ తనిఖీ పాసైతేనే బండి రోడ్డెక్కాలి. ఒకసారి వైపర్ రబ్బరు, ఒకసారి అరిగిన టైరు, అంతే, అప్పటికప్పుడు మార్చి పాసనిపించుకుంది. ఈనిడ్ ఆ కాగితాలన్నీ బిస్కట్ డబ్బాలో దాచి, ఎవరైనా వెక్కిరిస్తే డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేది. కాగితంలో ఆవిడ చదివేది పైనున్న "పాస్" అన్న మాట ఒక్కటే. కిందున్న సన్నక్షరాల జోలికి ఎప్పుడూ పోలేదు.

ఆ తనిఖీ చేసేవాడు క్లిఫర్డ్ డిన్స్‌డేల్. చర్చి వెనక రేకుల షెడ్డు అతనిది. పలచటి మనిషి, పలచటి నవ్వు. సొంత తమ్ముడి వ్యాను కూడా ఫెయిల్ చేసినవాడని పేరు. ఈనిడ్‌ని "సిస్టరమ్మా" అని పిలిచేవాడు.

ఆ ఏడు ఫిబ్రవరి చివర విపరీతంగా మంచు పడింది. ఒక గురువారం పొద్దున హార్కర్ గుట్ట మీది పొలం నుంచి ఫోను. బెత్ స్కేఫ్‌కి నొప్పులు మొదలయ్యాయి, రెండో కాన్పు, నెల ముందుగా. ఈనిడ్ వెళ్ళి చూసేసరికి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఇంట్లో పోసే పురుడు కాదది. అంబులెన్సు గుట్ట కింద మంచులో ఆగిపోయింది, పైకి రాలేదు. హెలికాప్టర్ ఎగిరే వాతావరణం లేదు.

బెత్ మొగుడు ట్రాక్టర్ ఎక్కి ముందు మంచు తోసుకుంటూ పోయాడు. వెనక ఈనిడ్, పక్క సీట్లో సిలిండరుకి బదులు బెత్. హార్కర్ దిగుడంటే మామూలు దిగుడు కాదు, ఎండాకాలంలోనే సైకిలు వాళ్ళు దిగి నడిపించుకుపోతారు. ఈనిడ్ రెండో గేరులో, బ్రేకు మీద కాలు ఆనించీ ఆనించకుండా, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి బెత్ మోకాలి మీద.

"ఊపిరి వదులు తల్లీ. నెమ్మదిగా. ముక్కొద్దు, ముక్కావంటే నిన్నిక్కడే దింపేస్తా."

"నవ్వించకు ఈనిడ్, నవ్వితే వచ్చేసేలా ఉంది!"

దిగారు. అంబులెన్సు వాళ్ళు అందుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. తల్లీ పిల్లా క్షేమం. ఊరంతా ఎర్రకారుని మెచ్చుకుంది. పోస్టాఫీసు వరసలో ఆ పొగడ్తలకి మ్యూరియెల్ కూడా తలూపాల్సొచ్చింది.

అందుకే తరువాతి మంగళవారం క్లిఫర్డ్ షెడ్డుకి వెళ్ళేటప్పుడు ఈనిడ్ కాస్త బోర విరుచుకునే వెళ్ళింది. అరగంటలో అయిపోతుందని కోటు కూడా విప్పలేదు. క్లిఫర్డ్ బండిని పైకెత్తి, లైటు పట్టుకుని కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ ఆవిడ మొహం చూడకుండా చెప్పాడు.

"ఫెయిల్ సిస్టరమ్మా."

"వైపరేనా?"

"కాదు. వెనక చక్రాలకి వెళ్ళే బ్రేకు పైపు తుప్పు పట్టిపోయింది. 'ప్రమాదకరం' అని రాయక తప్పదు. ఇంటికి కూడా తోలుకెళ్ళడానికి వీల్లేదు."

ఈనిడ్‌కి చుర్రున కాలింది. "తుప్పా? మొన్న గురువారం హార్కర్ గుట్ట దిగొచ్చిందయ్యా ఇది! మంచులో! మా అక్క నీకేమైనా నూరిపోసిందా? మూడేళ్ళుగా మీరిద్దరూ కలిసి నాచేత దీన్ని వదిలించాలని చూస్తున్నారు. నాకు సాయంత్రం నాలుగిళ్ళు చూడాల్సినవున్నాయి, తాళం ఇటివ్వు."

"తాళం నీదే, కాదనను. ఒక్క పని చేసి తీసుకుపో." క్లిఫర్డ్ బండిని కిందికి దింపి, వెనక చక్రాల దగ్గర పాత రేకు ట్రే ఒకటి పరిచాడు. "ఎక్కి కూచో. గొర్రె అడ్డమొస్తే ఎలా తొక్కుతావో అలా తొక్కు బ్రేకు. ఒక్కసారి."

ఆవిడ విసురుగా ఎక్కి తొక్కింది. పెడల్ ఒక క్షణం గట్టిగా ఆగింది. తరువాత ఎక్కడో చిన్న శబ్దమై, మెత్తటి బురదలో కాలు దిగబడినట్టు దాదాపు నేలదాకా జారిపోయింది. వెనక ట్రేలో టపటపా చుక్కలు పడ్డాయి.

ఈనిడ్ కాలు తియ్యలేదు. తియ్యడం చాతకాలేదు. ముందు ట్రాక్టరు వెనక దీపాలు, పక్కన రెండు చేతులా పొట్ట పట్టుకున్న బెత్, ఆ దిగుడు, అన్నీ కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాయి. ఒక్క గొర్రె అడ్డమొచ్చి ఉంటే చాలు. పెద్ద గొంతు మనిషి కాస్తా పిల్లలా అడిగింది.

"ముందు చక్రాలు ఆపేవి కదా, క్లిఫర్డ్?"

"కొంత ఆపేవి. మామూలు రోడ్డు మీదైతే సరిపోయేవేమో." ఆవిడని చెయ్యి పట్టుకుని దింపి, నూనె మరకల కుర్చీలో కూచోబెట్టి, టీ కాచి ఇచ్చాడు. మూడు చెంచాల పంచదార వేశాడు. ఆవిడ టీలో పంచదార వేసుకోదు. అయినా మొత్తం తాగేసింది.

"నువ్వు చూసి ఉండకపోతే..." అంది ఖాళీ కప్పు చేతుల్లో తిప్పుతూ.

"చూశాగా. పాప బావుంది, వాళ్ళమ్మ బావుంది, నువ్వు నా టీ తాగావు. ఇంకేం కావాలి?"

అప్పుడొచ్చింది ఆవిడకి ఏడుపు. అందులోనే నవ్వు కూడా వచ్చింది. కర్చీఫు సరిపోక క్లిఫర్డ్ నూనెగుడ్డ అందిస్తే దాంతోనే మొహం తుడుచుకుని, చెంపల మీద నల్లటి చారలతో కూచుంది.

తేరుకున్నాక క్లిఫర్డ్ నిరుటి కాగితం నకలు తీసి చూపించాడు. "పాస్" కింద సన్నక్షరాల్లో ఉంది: బ్రేకు పైపు మీద కొద్దిగా తుప్పు, గమనించుకోవలెను.

"నువ్వు నోటితో చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నీకు ఫోనొచ్చింది, కవలలన్నావు, పరిగెత్తావు."

అది నిజమే. ఈనిడ్ ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుంది. "మరి ఇప్పుడు? తుక్కులో వెయ్యాలా దీన్ని?"

"ఇప్పుడే చెప్పలేను. ఈ రకం బండ్లకి ఇంజనుతో గొడవే ఉండదు, నేను చూసినవాటిలో ఒక్కటీ ఇంజనుకి ఫెయిల్ కాలేదు. వీటిని తినేసేది కిందనుంచి తుప్పే. తలుపుల కింద ఇనుము పుచ్చిపోయిందంటే ఇంక నేనేం చెయ్యలేను. విప్పి చూడాలి. శుక్రవారం దాకా ఆగు."

ఆ మూడు రోజులకీ ఈనిడ్ మ్యూరియెల్ దగ్గర కారు అరువు తెచ్చుకుంది. కొత్తది, నాలుగు తలుపులది. ఎక్కిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి కుయ్‌కుయ్‌మంటూనే ఉండేది. స్టీరింగు వెనక పసుప్పచ్చ హెచ్చరిక దీపాలు మూడు వెలుగుతున్నాయేమిటని అడిగితే, "అవెప్పుడూ అంతేలే, పట్టించుకోకు," అంది మ్యూరియెల్. ఈనిడ్ అక్క వంటింట్లో నిలబడి జరిగిందంతా చెప్పింది, ట్రేలో పడ్డ చుక్కలతో సహా. మ్యూరియెల్ చెల్లెల్ని తిట్టలేదు. చేతిలో గిన్నె కింద పెట్టి, అంత పొడుగు మనిషి నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. మర్నాడే తన కారుకి కూడా క్లిఫర్డ్ దగ్గర తనిఖీకి రోజు ఖాయం చేసుకుంది.

శుక్రవారం పొద్దున ఈనిడ్ ఒక ఇంట్లో పసిబిడ్డని తూస్తుండగా ఫోను మోగింది.

"సిస్టరమ్మా, ఎడమ తలుపు కింద అరచేతంత చిల్లుంది. అతుకేశాను. మిగతాదంతా సుత్తితో కొట్టి చూశా, ఖంగుమంటోంది. పైపులన్నీ రాగివి వేశాను, నువ్వు పోయినా అవి పోవు. మళ్ళీ తనిఖీ చేశా. పాస్."

ఈనిడ్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే గోడకి చేరబడింది. ఆ బిడ్డ తల్లి కంగారుపడి, "ఏమైందండీ, బరువు తగ్గిందా?" అంది.

"నీ పిల్లాడు బండరాయిలా ఉన్నాడమ్మా. బరువు తగ్గింది నాకు."

షెడ్డులో క్లిఫర్డ్ కాగితం ఇస్తే, ఆవిడ నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. కింద ఒకే వరస ఉంది, వెనక కుడి టైరు అరుగుతోందని. "మార్చెయ్ ఇప్పుడే," అంది.

"ఇంకా ఆర్నెల్లు వస్తుందది."

"మార్చమన్నానా!"

అతను పలచగా నవ్వి మార్చాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడకి సెలవు. ఎండ ఉందే కానీ వేడి లేదు. అయినా కారు గుడ్డ పైకప్పు వెనక్కి మడిచేసి, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, గుట్టలు దాటి సముద్రం ఒడ్డున విట్బీ ఊరి దాకా వెళ్ళింది. ప్రతి మలుపులో బ్రేకు అవసరం ఉన్నా లేకపోయినా ఒకసారి తొక్కి చూసుకుంది. పట్టిందంటే పట్టింది. రేవు పక్కన కారాపి, వేయించిన చేపా బంగాళదుంప ముక్కలూ పొట్లం కట్టించుకుని, మీద వెనిగర్ దండిగా పోయించుకుని, కారులోనే కూచుని తింది. ఆ ట్రేలో చుక్కలు పడ్డ మంగళవారం నుంచి సరిగ్గా నిద్రలేదు ఆవిడకి. పొట్లం ఒళ్ళోనే పెట్టుకుని, మోకాళ్ళు స్టీరింగుకి ఆనించి, తల వెనక్కి వాల్చిందో లేదో గుర్రు పెట్టడం మొదలెట్టింది. సముద్రపు పక్షొకటి తలుపు మీద వాలి మిగిలిన బంగాళదుంప ముక్కలన్నీ తినేసి పోయినా మెలకువ రాలేదు.