సేటు తిట్టిన మనిషి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. కరీంనగర్‌లో ఒక చిన్న జాబ్ కన్సల్టెన్సీలో నేను రిక్రూటర్‌ని. కంపెనీలకు మనుషులను వెతికిపెట్టడం మా పని. అందులో నా బుర్ర తినేది రిఫరెన్స్ చెక్. అంటే, ఉద్యోగం కోసం వచ్చిన మనిషి ఇప్పుడు పనిచేస్తున్న చోటికి ఫోన్ చేసి, అతను ఎలాంటివాడో కనుక్కోవడం.

చొప్పదండి నుంచి రాజేశం వచ్చాడు. సాంచెల కార్ఖానాలో జాబర్. సాంచెలంటే మా వైపు పవర్‌లూమ్‌లు. అవి ఆగిపోతే బాగుచేసేవాడు జాబర్. హైదరాబాద్ దగ్గరి బట్టల మిల్లులో ఫిట్టర్ ఉద్యోగం ఉందని విని వచ్చాడు.

"మా బాపుకు దమ్ము రోగం మేడం. ఈఎస్ఐ కార్డున్న కొలువైతే దవాఖాన ఫికరుండది" అన్నాడు. తన సేటు నంబరు తనే ఇచ్చాడు.

ఫోన్ చేసి, రాజేశం ఎలాంటివాడని అడిగాను. సేటు ఊపిరి తీసుకోకుండా అందుకున్నాడు.

"వాడా బిడ్డా? వట్టి పనిదొంగ. యాల్లకు రాడు, మాటినడు. తీస్కొని పరేషాన్ గాకుర్రి."

నాకు పాలుపోలేదు. మిల్లు వాళ్లకు ఇది చెబితే రాజేశం పని అయిపోయినట్టే. పైగా అంతకుముందే ఇంకో యజమాని తన మనిషిని ఆకాశానికెత్తితే నమ్మి పంపాను. ఆ మహానుభావుడు మెషిన్ పక్కనే నిద్రపోతూ దొరికాడు. తిట్టినవాణ్ని నమ్మాలా, పొగిడినవాణ్ని నమ్మాలా?

రాజేశాన్ని పిలిచి ఉన్నమాట చెప్పాను. బాధపడతాడనుకుంటే నవ్వాడు.

"గట్లన్నడా? మంచిగ జెప్తె ఫికర్ జేద్దును మేడం. నన్ను వదిలించుకుంటుండనుకుందును."

నా తికమక రెండింతలైంది. సేటుకు మళ్లీ ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "రాజేశం పోయి, రేపు మళ్ల వస్తనంటే తీస్కుంటరా?"

"ఎందుకు తీస్కోను? వాడు లేకుంటె ఒక్క సాంచె సుత నడువది" అనేశాడు. వెంటనే నాలుక కరచుకున్నట్టున్నాడు. తర్వాత గొంతు తగ్గింది. "నిజం జెప్తె నువ్వు తీస్కపోతవు. నేనేం జెయ్యాలె బిడ్డా?"

కోపం రావాల్సిన చోట జాలి కలిగింది. తిట్లూ, ఈ మాటా రెండూ మిల్లు హెచ్‌ఆర్ మేడంకు చెప్పాను. "మీరు వద్దంటున్నారో రమ్మంటున్నారో అర్థం కావట్లేదు" అని ఆమె విసుక్కుంది. చివరికి ట్రయల్ మీద తీసుకుంది.

కొన్నాళ్లకు సేటే ఫోన్ చేశాడు. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను.

"వాడు పర్మనెంటయిండా?"

"ఇంకా కాలే సేటు."

"కాకుంటె నాకు చెప్పు." కాస్త ఆగి, "అయినా చెప్పు" అన్నాడు. ఏమని దేవుడికి మొక్కుకుంటున్నాడో నాకైతే అంతుపట్టలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

అప్పటి నుంచి నేను ఏ యజమానినీ మనిషి ఎలాంటివాడని అడగను. తిరిగొస్తే తీసుకుంటారా అనే అడుగుతాను. పొగడ్తలోనూ తిట్టులోనూ చెప్పేవాడి అవసరం ఎంతుందో ఆ జవాబులో తెలిసిపోతుంది.

రాజేశం పర్మనెంట్ అయిన రోజు మాట ప్రకారం సేటుకు చెప్పాను. ఫోన్‌లో ఎప్పుడూ వెనక వినిపించే సాంచెల చప్పుడు ఆ రోజు లేదు.

"వాని అసొంటి పనోడు దొరకడు బిడ్డా" అన్నాడు.

మొదటిరోజు నేను అడిగింది ఆ ఒక్క మాటే.