గాజులంగడిలో దాహం

రాయచూరు బజారులో గాజులంగడి పెట్టిన పందొమ్మిదేళ్లలో సౌభాగ్యలక్ష్మి పగటిపూట కడుపునిండా నీళ్లు తాగింది లేదు. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు, మళ్లీ ఇల్లు చేరాకే ఇంకొకటి. నడుమ గొంతు ఎండితే ఒక గుక్క. ఆ అంగళ్ల వరుసలో ఆడవాళ్లు ఒంటికి వెళ్లడానికి చోటు లేదు మరి.

మూత్రం ముదురు పసుపుగా వస్తోందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగి ఊరుకునేది. ఈ మే నెలలో అది డికాక్షన్ రంగుకు తిరిగింది. ఒకరోజు ఎర్రగా కనిపిస్తే, ముందురోజు తిన్న బీట్‌రూట్ అని సర్దిచెప్పుకుంది. మూడో రోజుకూ ఎరుపు పోలేదు. పైగా నడుములో ఒక పక్క పోటు. చెప్పుకోవడానికి నోరు రాలేదు. గోడ పట్టుకుని వంగిపోయిన తల్లిని చూసి కూతురు అర్పితే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

స్కానింగులో మూత్రపిండం కింది నాళంలో చిన్న రాయి కనిపించింది.

"రంగు ముదిరిందంటే ఒళ్లు నీళ్లు అడుగుతున్నట్టమ్మా," అంది డాక్టరమ్మ. "ఎరుపు కనిపిస్తే మాత్రం, నొప్పి ఉన్నా లేకున్నా వెంటనే రావాలి. ఇంతకీ నీళ్లెందుకు తాగవు?"

"తాగితే ఏడికి పోవాలె మేడం?"

డాక్టరమ్మ చీటీలో 'నీళ్లు బాగా తాగాలి' అని రాసి, కింద గీత గీసింది.

మర్నాడు పక్క బట్టల కొట్టు మెట్లెక్కడానికి సౌభాగ్యలక్ష్మికి చాలాసేపు పట్టింది. ఆ కొట్టు వెనక ఒక మరుగుదొడ్డి ఉంది. ఎప్పుడూ తాళమే.

"వెంకోబన్నా, జర వెనకాల చాబి ఇస్తవా? డాక్టరమ్మ నీళ్లు బాగ తాగమన్నది."

కొట్టు యజమాని వెంకోబరావు కొలుస్తున్న బట్ట పక్కన పెట్టాడు. "ఇన్నేండ్లు ఎట్ల చేసినవమ్మా?"

"ఓర్చుకున్న."

"ఒక్క మాట అడగరాదా?"

"ఎట్ల అడుగుదునన్నా, మగోళ్ల ముందర?"

ఆయన తల వంచుకుని తాళంచెవి తీసిచ్చాడు. వారం తిరక్కుండానే పగటిపూట ఆ తాళం వెయ్యడం మానేశాడు.

పన్నెండో రోజున రాయి పడిపోయింది. కానీ పందొమ్మిదేళ్లు ఒక మాటకు ఎందుకంత భయపడిందో ఆమెకే అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం, అంగడి ముందు పూలమ్మే నింగవ్వ పెదాలు ఎండి పొట్టు లేవడం ఆమె కంటబడింది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నింగవ్వా, ఒకటడుగుత, సిగ్గుపడకు. నీకు ఒంటేలు ఏం రంగుల వస్తున్నది?"

నింగవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.