గోదావరక్క గుట్టకు రెండో దారి

బోధన్‌లో వినాయక చవితి మండపానికి సెట్టింగు వేయించాలంటే ముందుగా వినబడే పేరు గోదావరక్కదే. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. ఆకు కత్తిరించిన ఒడుపుతోనే గోనె సంచులు కోసి, దబ్బనంతో కుట్టి, వెదురు బొంగుల మీద కప్పి కొండలు లేపుతుంది. ఆడమనిషికి ఈ పనులెందుకన్నవాళ్లే ఇప్పుడు నెల ముందు వచ్చి బతిమాలుతారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసినట్టే నడుస్తుంది కూడా.

ఈ ఏడు గల్లీ కుర్రకారుకు పెద్ద అయిన ధనుంజయ్ ఫోన్ పట్టుకొచ్చాడు. అందులో ఏదో ఆట. ఎక్కడా లేని లోకం, ఆ లోకంలో ఒక కొండ, ఆ కొండ కడుపులో శత్రువుల కంటబడని గుడికోట. అచ్చం అలాంటిదే కావాలన్నాడు. గోదావరక్క కళ్లజోడు సవరించుకుని చూసి, లోకం ఏదైతేనేం గుట్ట గుట్టే కదా అంది.

"రోడ్డు మీదికెల్లి సూసినోడికి లోపట దేవుడున్నడని తెలిస్తే నా పేరు గోదావరి గాదు" అని మాట కూడా ఇచ్చేసింది.

గుట్ట లేచింది. గానుగ దగ్గర అడిగి తెచ్చుకున్న చెరుకు పిప్పికి పచ్చరంగు పూసి నాచులా అంటించింది. రోడ్డు వైపు రెండు బండల మధ్య మనిషి వంగి దూరేంత సందు. లోపల చీకటి దారి వంకర్లు తిరిగి తిరిగి చివరికి దేవుడి గదిలో తేలుతుంది. గద్దెకు ఎదురుగా, గల్లీ వైపున్న గోడను అన్నిటికంటే ఆఖరున కుట్టి మూసేసింది. ఒక కుక్క వచ్చి నిజం బండే అనుకుని కాలెత్తితే, దేవుడింకా రాలేదు కాబట్టి తప్పు లేదని గోదావరక్క మురిసిపోయింది.

చవితి పొద్దున నిజామాబాద్ నుంచి ట్రాలీలో విగ్రహం వచ్చింది. సందు దగ్గరికి మోసుకెళ్లాక తెలిసింది, దేవుడి బొజ్జ అందులో పట్టదని. దేవుణ్ణి దాచాలన్న ధ్యాసలో గోదావరక్క దేవుణ్ణే మరిచిపోయింది. పంతులు వచ్చి కూర్చున్నాడు, పూజ వేళ దగ్గరపడుతోంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు గానీ, ఇక్కడ వినాయకుడు బాగానే ఉన్నాడు, ఇల్లే కోతి అయిందని టెంటు హౌసు లింగం నవ్వాడు. ఆమె ముఖం సిగ్గుతో మండిపోయింది. వేళ తప్పితే ఇక ఏ గల్లీవాళ్లూ తనను పిలవరు.

కత్తి అందుకుని గల్లీ వైపు గోడను పైనుంచి కిందికి సర్రున కోసేసింది. తన కుట్లను తానే తెంపుకోవడం ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది. ఆ కోతలోంచి దేవుడు దర్జాగా లోపలికి పోయాడు. పూజ వేళకే మొదలైంది.

పూజ కాగానే దబ్బనం, సుతిలి తాడు పట్టుకుని కోత మూయడానికి వచ్చింది. అక్కడ కర్ర పట్టుకుని పక్కింటి పెంటవ్వ నిలబడి ఉంది, వెనక ఇంకో నలుగురు. ఒకే అరుగు మీద గోదావరక్కతో కలిసి బీడీలు చుట్టినవాళ్లే అంతా. కూర్చుని కూర్చుని వాళ్ల నడుములూ మోకాళ్లూ ఎప్పుడో మొరాయించాయి.

"నీ గుట్టల వంగి దూరుడు మాతోని గాదు బిడ్డా" అంది పెంటవ్వ. "గీడికెల్లి మంచిగ కనవడ్తుండు. జర ఆగి కుట్టు."

గోదావరక్క దబ్బనం దించేసింది. శత్రువులకు దొరకని కోట కట్టానని ఇన్నాళ్లూ మురిసింది. కట్టింది తనవాళ్లకే దొరకని కోట.

అన్న మాట ఏమైందని ధనుంజయ్ గుర్తుచేశాడు.

"రోడ్డు మీదోళ్లకు గదా కనవడొద్దన్న. గల్లోళ్లకు వద్దని అన్ననా?" అందామె.

కోత అంచులు మడిచి కుట్టింది. తెగిన గోనెనే పరదాలా వేలాడదీసింది. రోడ్డు మీంచి చూస్తే ఇప్పటికీ అది ఉత్త గుట్టే.

సాయంత్రం హారతికి, కట్టినామె ముందు రావాలని ధనుంజయ్ రోడ్డు వైపు సందు దగ్గర నిలబడి పిలిచాడు. ఆమె కదలలేదు. కట్టినన్నాళ్లూ గల్లీ వైపు గోడ తెరిచే ఉండేది, అటునుంచే వచ్చిపోయేది. రోడ్డు వైపు సందులోంచి ఆమె ఒక్కసారీ దూరి చూడలేదు. తన మోకాళ్లు కూడా నిరుటి నుంచి వంగడం లేదన్న సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. పెంటవ్వ చెయ్యి పట్టుకుని, పరదా ఎత్తి, నిటారుగా లోపలికి నడిచింది.