వాలు చూసి ఆపిన కొత్త బండి

పదిహేనేళ్ళు నడిపిన పాత పికప్‌కి సెల్ఫ్ పనిచేసేది కాదు. వాలులో వదిలితేనే స్టార్టయ్యేది. కొత్తది తాళం తిప్పగానే అందుకుంటుంది, అయినా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఈ రోజు ఆరంగ్ అనే ఊళ్ళో ఒక దుకాణానికి సిమెంటు దించాలి. మబ్బు కమ్ముకొస్తోంది. అలవాటుకొద్దీ దుకాణం దాటిపోయి, దూరంగా వాలు మీద ఆపాను. మా హమాలీ అప్పన్న మొదటి బస్తా భుజానికెత్తుకుని దుకాణం వైపు చూశాడు.

“కొత్త బండి సుకం నీకూ, మోత నాకూనా బాబూ?”

బండిని దుకాణం గుమ్మం దాకా వెనక్కి తెచ్చాను. చివరి బస్తా లోపల పడ్డాకే వాన మొదలైంది. ఒక్కటీ తడవలేదు.

కానీ అతను దించుతున్నంతసేపూ నేను ఇంజను ఆపలేదు. ఈ భయం మీకెవరికైనా ఉండేదా? ఎన్నాళ్ళకు పోయిందో చెప్పండి.